పుంగనూరు తరఫున పాలక్క

రవిక గుడ్డ మీద సుద్దతో గీత గీస్తుండగా విన్నాను ఆ మాట. కొలతలివ్వడానికి వచ్చిన అమ్మాయి తలలో పూలు సర్దుకుంటూ, "పాలక్క పోయిందంటక్కా. పొద్దున్నే పాలు పిండి, గోడకు ఆనుకోని కూసుందంట. అంతే" అంది. వెంటనే, నేను అడక్కపోయినా, "మా ఇండ్లు పోవాలని చెయ్యెత్తిన మనిషే కదా" అని కూడా అంది.

ఆ పిల్లను తప్పుపట్టలేను. వాళ్ళ ఇంటి ముందుగది కొత్త రోడ్డు కింద పోయింది మరి. పాలక్క పేరెత్తి ఆ రెండో మాట అనకుండా ఊరుకునేవాళ్ళు మా పుంగనూరులో ఈ మధ్య కనిపించరు. నేను గుడ్డ మడిచిపెట్టి, షట్టరు దించి, దుకాణం మెట్టు మీద కాసేపు కూర్చున్నాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదంటే చెప్పలేను.

ఆమెనూ నన్నూ ఒకే ఎన్నికల్లో మున్సిపాలిటీకి తెచ్చి పడేశారు. ఆమెది నా పక్క వార్డు. రెండూ ఆడవాళ్ళకు కేటాయించినవే. నా విషయంలో ఉబలాటమంతా మా ఆయనది. ఆమెను మాత్రం కాలనీవాళ్ళు పట్టుబట్టి నిలబెట్టారు. ఆ కాలనీలో ఒకప్పుడు అందరూ కూలీలే. వేరుశనక్కాయలు పీకడానికి, టమోటా గంపలు మొయ్యడానికి చౌడేపల్లె, సదుం దాకా పోయినవాళ్ళు. ఇప్పుడు వాళ్ళ పిల్లల్లో డ్రైవర్లున్నారు, నర్సులున్నారు, నెల జీతాలొచ్చే కొలువులున్నాయి. రేకులు తీసేసి మిద్దెలు వేసుకున్నారు. పాలక్క వాళ్ళ మనిషి కాదు. పెద్దపంజాణి పక్కన మెట్టపొలం వదిలేసి, ఊళ్ళోకొచ్చి ఆవుల్ని పెట్టుకున్న రైతు కుటుంబం. అయినా, "దినామూ మా గడప కాడికొచ్చే మనిషివి నువ్వొక్కదానివే కదమ్మా" అని ఆమెనే పట్టుకున్నారు.

కౌన్సిల్ మీటింగులో ఆమె కుర్చీకి వెనక్కి ఆనుకోగా నేను చూడలేదు. అంచు మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, గోడ గడియారాన్నే చూస్తుండేది. సాయంత్రం పాలవేళ దగ్గరపడితే కాళ్ళు నిలిచేవి కావు. ఎవరైనా అభిప్రాయం అడిగితే లేచి నిలబడి, కొంగు భుజం చుట్టూ లాక్కుని, "మా వార్డులో కొళాయి..." అని మొదలుపెట్టేది. ఎజెండాలో ఏముందన్నది ఆమెకు అనవసరం. వీధిలైట్ల గురించి మాట్లాడుతున్నా కొళాయే. ఒకసారి ఎవరికో సంతాపం తెలిపి, అందరం లేచి మౌనం పాటించి కూర్చున్నాక, ఈమె మాత్రం నిలబడే ఉండి "మా వార్డులో కొళాయి" అంది. నవ్వని పాపాత్ముడు లేడు. ఆ కొళాయి మాత్రం వచ్చింది.

బయటి ఊరివాళ్ళు ఎవరొచ్చినా పుంగనూరు ఆవును చూపించమని ఆమె కొట్టం దగ్గరికే పోయేవాళ్ళు. ఆమె దగ్గరున్నవన్నీ జెర్సీలు. "ఆ పొట్టావును సూడాలంటే ఊరంతా గోడల మింద బొమ్మలేసుండారు, సూసుకోండి సామీ" అని పంపించేసేది.

ఇంకో అలవాటు ఉండేది. ఎక్కడ తాడు కనిపించినా ముడి ఎలా వేశారో చూడకుండా దాటి పోయేది కాదు. నా దుకాణం ముందు పందిరి తాడు కూడా విప్పి మళ్ళీ కట్టింది. "ఏసేటప్పుడే ఇప్పేది సూసుకోవాల మే. ఒక్క లాగుడుకు రావాల. కొట్టానికి మంటంటుకుంటే ముడి ఇప్పతా కూసుంటామా?" అనేది. నన్ను పేరుపెట్టి పిలిచిన గుర్తు లేదు, ఎప్పుడూ "మే" అనే. అంత జాగ్రత్త మనిషిని కట్టేశారు చూడండి, అదీ ఆమె నోటి మాటతోనే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు పట్టణాలనూ మధ్యలోని మండలాలనూ కలిపి ఒక ప్రాంతీయ బోర్డు పెట్టారు. రోడ్డు ఎటు పోవాలి, లేఅవుట్లకు ఎక్కడ ఒప్పుకోవాలి అన్నవి అక్కడ తేలుతాయి. ఒక్కో మున్సిపాలిటీ తన కౌన్సిలర్లలో ఒకరిని ఎన్నుకుని ఆ బోర్డుకు పంపాలి. సమావేశంలో పేరు చదువుతారు, చేతులెత్తుతారు, లెక్కపెడతారు. చీటీలు లేవు, చాటు లేదు. ఎవరి చెయ్యి లేచిందో, ఎవరిది లేవలేదో ఊరంతటికీ తెలిసిపోతుంది.

మా కౌన్సిల్లో రెండు గుంపులు. పాలక్కా నేనూ ఉన్న గుంపును నడిపించేది బస్సులన్న. ప్రైవేటు బస్సులున్నాయి గనుక ఆ పేరు. ఆయనకు ఏ పదవీ లేదు, పదవులు పంచేది మాత్రం ఆయన ఇంట్లోనే. అవతలి గుంపు మాలో ఒకరిద్దరిని లాక్కుంటుందని భయపడి, చేతులెత్తే రోజు దగ్గర పడుతుండగా మమ్మల్నందరినీ తన బస్సులోనే ఎక్కించి, కర్ణాటకలో ములబాగిలు దాటాక రోడ్డుకు బాగా లోపలున్న రిసార్టుకు తోలుకుపోయాడు. దాన్ని క్యాంపు అంటారు. గేటు దగ్గరే ఫోన్లు తీసుకున్నారు. పూటపూటకూ బిర్యానీ, ఈతకొలను, గేటుకు తాళం. కోళ్ళగంపలో కూడా ఇంతకంటే గాలి ఆడుతుంది.

పాలక్కకూ నాకూ ఒకే గది. "ఎర్రావు నిండు చూలు మే. ఇయ్యాలో రేపో ఈనతాది. మా వాడికి చెయ్యి పెట్టేది తెలీదు" అంటూ గేటు దగ్గరికి పోయేది. కాపలావాడిని బతిమాలేది. వాడు కన్నడంలో ఏదో చెప్పి తల అడ్డంగా ఊపేవాడు. మళ్ళీ వచ్చి మంచం అంచున కూర్చునేది. తెల్లారుజామున నాకు మెలకువ వచ్చి చూస్తే, కళ్ళు మూసుకుని కూర్చునే ఉండేది, వేళ్ళు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి ముడుచుకుంటూ విప్పుకుంటూ ఉండేవి. గాల్లో పాలు పిండుతోంది. నేను చూశానని తెలిస్తే చేతులు కొంగు కింద పెట్టుకునేది.

"ఈనిందిలేక్కా, కోడెదూడ" అన్నాడు ఒకనాడు బస్సులన్న. ఆమె అరచేతులు రెండూ జోడించి కళ్ళకద్దుకుంది. ఇంటికి తిరిగొచ్చాక గానీ తెలియలేదు, దూడ అడ్డం తిరిగి లోపలే చచ్చిపోయిందని.

మా జిల్లాలో ఎవరి మాట మీదైనా అనుమానం వస్తే "కాణిపాకం వస్తావా?" అంటారు. అక్కడ వినాయకుడి ముందు ప్రమాణం చేసి తప్పినవాళ్ళకు తగులుతుందని నమ్మకం. మమ్మల్నందరినీ అంతదూరం తీసుకుపోతే దారిలో ఎవరు జారుకుంటారోనని, బస్సులన్న స్వామి పటాన్నే రిసార్టుకు తెప్పించాడు. భోజనాల బల్ల మీద పటం పెట్టి, తమలపాకులో కర్పూరం వెలిగించి, ఒక్కొక్కరినే పిలిచాడు. మండే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పుతూ చెప్పాలి: "బోర్డు విషయంలో అన్న ఎత్తమన్న దానికే చెయ్యెత్తుతాను. తప్పితే నా బిడ్డలకు తగలనీ."

మావాళ్ళ తెలివి చెప్పుకోవాలి. బిడ్డల్లేని కౌన్సిలరు ఒకాయన గబగబా ముందుకొచ్చి అందరికంటే గట్టిగా చెప్పాడు. ఇంకొకాయనకు సరిగ్గా "బిడ్డలకు" అనే చోట దగ్గొచ్చింది. నేను పెదాలు కదిపాను, మాట బయటికి రానివ్వలేదు. పాలక్క ఒక్కతే తలస్నానం చేసొచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, ఒక్క అక్షరం మింగకుండా అన్నీ పలికింది. ఆమె అరచేయి బొబ్బెక్కింది.

ఇంతా చేస్తే, బోర్డుకు పోతామని మా గుంపులోనే ఇద్దరు కొట్టుకునేదాకా వచ్చారు. ఒకరికిస్తే రెండోవాడు అవతలికి దూకుతాడు. ఆఖరి రోజు బస్సులన్న నవ్వుతూ, "పాలక్కను పంపిస్తాం. ఆయమ్మకు కొళాయి తప్ప ఇంగో మాట రాదు. ఎత్తమంటే ఎత్తతాది" అన్నాడు. ఆమె ఎదుటే అన్నాడు.

ఆమె లేచి నిలబడింది. "నాకొద్దప్పా. ఆవులుండాయి. కుప్పమంటే పోనూ రానూ దినమంతా పోతాది. ఇంగెవురినన్నా పంపించు నాయనా, నీకు పున్నెముంటాది."

"ప్రమాణం చేసినావు కదక్కా."

ఆమె మళ్ళీ కూర్చుంది.

కౌన్సిల్లో ఆమె పేరు చదివారు. చేతులు లేచాయి. లెక్కపెడితే ఒకటి తక్కువైంది. ఆ ఒక్కటీ ఆమె ఒళ్ళో ఉంది. వద్దు మొర్రో అన్న పనికి తనకు తానే చెయ్యెత్తుకోవాలి. ఆమె వెనక్కి తిరిగి చూస్తే, బెంచీ మీద కూర్చున్న బస్సులన్న కర్పూరమార్పింది గుర్తుచేస్తున్నట్టు తన అరచేతిని ఎత్తి చూపించాడు. ఆమె చెయ్యి మెల్లగా లేచింది. "సూడండప్పా, తనకు తానే ఎత్తుకుంటాండాది! ఎంతాశో ఈయమ్మకు" అని అవతలి గుంపులోంచి ఎవరో అరిచారు. హాలంతా నవ్వింది. ఆమె ఏడుస్తోందని పక్కన కూర్చున్న నాకు తప్ప ఎవరికీ తెలియలేదు.

బోర్డు సమావేశాలు మూడు ఊళ్ళలో ఒక్కోసారి ఒక్కోచోట జరిగేవి. ఆమెకు తోడు నేను పోయేదాన్ని. కొలతలకు వచ్చినవాళ్ళు తిట్టుకున్నా సరే, ఆమెను ఒంటరిగా పంపడానికి నాకు మనసొప్పేది కాదు. ఒళ్ళో టిఫిను డబ్బా పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుని, దారిలో మేసే ప్రతి ఆవునూ తల తిప్పి చూసేది. "దానికి పొదుగువాపు ఉండాది, ఆ మనిషికి తెలీదు పాపం" అనేది. బస్సు ఆపించి చెప్పి వద్దామా అనేది. ఆ ఒక్క విషయంలో కండక్టరు కూడా ఆమెను ఎగతాళి చేసేవాడు కాదు.

రాజీనామా చేస్తానని ఒకసారి బస్సులన్నను అడిగింది. ఆయన కోప్పడలేదు. "బోర్డు విషయంలో అన్నావు కదక్కా. బోర్డు ఉండే కాలమంతా మాట ఉండేదే" అన్నాడు. ఆమె ఇంటికి పోకుండా నా దుకాణానికి వచ్చి, కుట్టుమిషను పక్కన నేల మీద కూర్చుంది. "ఆ మాట నేనే అంటి మే. నా నోటితోనే అంటి" అంది. నేను కాఫీ పెట్టిచ్చాను. తాగకుండా పోయింది.

కుప్పం సమావేశంలో పుంగనూరు బైపాస్ రోడ్డు ముందుకొచ్చింది. మ్యాపులో రెండు దార్లు గీశారు. ఒకటి ఊరి బయట రాళ్ళమిట్ట మీదుగా. అక్కడ బస్సులన్న, ఆయన మనుషులు ప్లాట్లు వేసి పెట్టుకున్నారు, రోడ్డు అటు వస్తే అవి దాని కింద పోతాయి. రెండోది కాలనీ ముందువరస ఇళ్ళ మీదుగా. ఆ పొద్దున మేం బస్టాండులో ఉండగానే ఆమెకు బస్సులన్న నుంచి ఫోనొచ్చింది. "రెండోదానికి ఎత్తక్కా."

పలమనేరు వచ్చింది, పోయింది. ఆమె ఆవుల్ని కూడా చూడలేదు. ముందు సీటు కడ్డీని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. వి.కోట దాటాక, "మునెమ్మోళ్ళు మిద్దె ఏసుకోని ఏడాదన్నా అయిందా మే?" అంది. మునెమ్మ కాలనీలో మొదటి ఇంటి ఆమె. ఆస్పత్రిలో ఆయాగా చేస్తుంది.

"అయ్యిందో లేదో అక్కా."

"ఆ గడపకు పసుపు నేనే పూసినా" అంది.

హాల్లో సభ్యులు ముందు బల్ల చుట్టూ, నాలాంటి తోడు వచ్చినవాళ్ళం వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో. ఆఫీసరు రెండో దారిని చదివి, సమ్మతించేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. ఒకాయన ఫోను చూసుకుంటూనే ఎత్తాడు. ఇంకొకాయన ఆవలిస్తూ ఎత్తాడు. పాలక్క కుర్చీ అంచున కూర్చుని ఉంది. రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుంది.

ఆఫీసరు లెక్కపెట్టనే లేదు. భోజనాలొచ్చాయి. "ఏకగ్రీవం" అనేసి లేచాడు. ఒక చెయ్యి తగ్గినా ఆ రోడ్డు ఆగేది కాదు, అది నాకూ తెలుసు. కానీ ఎత్తనిది ఎత్తనట్టు ఉండాలి కదా. నేను ఆమె దగ్గరికి పోయి, "లేదని చెప్పక్కా. నేనన్నా చెప్తా ఉండు" అన్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. పాలు పిండే చెయ్యి. విడిపించుకోవడం నా వల్ల కాలేదు.

తిరుగు బస్సులో నేనే అడిగాను. "ఊరికి చెప్దామక్కా. కాలనీవాళ్ళు నిన్ను నెత్తిన పెట్టుకుంటారు."

"వొద్దు మే. ఎత్తినాననుకుంటే నన్ను తిడతారు. తిట్టనీ. ఎత్తలేదని తెలిస్తే నా కొడుక్కు తెలస్తాది. వాడి పాపకు జొరమొస్తే సాలు, మా యమ్మ ప్రమాణం తప్పె, తగిలె, అనుకుంటాడు. ఆ బయం వాడికెందుకు? నేనొక్కదాన్నే పడతా."

"అంత బయముండేదానివి యాల ఎత్తకపోతివి?"

"ఎత్తాలనే వచ్చినా. చెయ్యి రాలేదు."

ఎవరికీ చెప్పనని మాటివ్వమంటూ అరచేయి చాచింది. నేను చెయ్యి వెయ్యలేదు. ఒక మాట ఇచ్చి ఆమె పడుతున్న పాట్లు కళ్ళారా చూస్తున్నదాన్ని. ఆమె చెయ్యి కాసేపు అలాగే ఉంచి, తీసేసుకుంది.

ఆ తర్వాత కాలనీ గోడల మీద ఎర్రరంగు గీతలొచ్చాయి, నోటీసులొచ్చాయి, యంత్రమొచ్చింది. మునెమ్మ మిద్దె సగానికి తెగింది. వంటగది, వెనకగది మిగిలాయి. మర్నాడు పాలక్క ఎప్పటిలా పాలక్యాను పట్టుకుని పోతే, "ఎత్తిన చేత్తోనే పాలు పోస్తావా? ఏం మనిషివి నువ్వు?" అంది మునెమ్మ. పాలక్క క్యాను మూత పెట్టుకుని పక్కింటికి పోయింది. అక్కడ తలుపు తియ్యలేదు. అయినా రోజూ పోయేది. కాలనీ మొదట్లో నిలబడేది, ఎవరూ గిన్నె తీసుకురాకపోతే వెనక్కి తిరిగేది. చివరికి పాలన్నీ డెయిరీ వ్యానుకు పోసేయడం మొదలుపెట్టాక కూడా, వట్టి చేతులతో అటు ఒక నడక నడిచి వచ్చేది.

మనవరాలికి చిన్న దగ్గొచ్చినా ఆమె మొహంలో నెత్తురుండేది కాదు. పాపను చంకనేసుకుని మదనపల్లె డాక్టరు దగ్గరికి, అక్కడినుంచి అటే కాణిపాకానికి. "మా యమ్మకు బక్తి ముదిరింది సిన్నమ్మా" అని కొడుకు నవ్వేవాడు. నాకు ఆమె మీద కోపం కూడా వచ్చేది. రెండు మాటలతో పోయేదాన్ని ఇన్నాళ్ళు మోస్తుందేమిటీ మొండి మనిషి అనుకునేదాన్ని.

నేను పోయేసరికి వాకిట్లో షామియానా వేశారు. శవాన్ని సిద్ధం చేశారు. కొడుకు తలస్నానం చేసి, తడిపంచెతో నిప్పుకుండ దగ్గర నిలబడ్డాడు. కాలనీవాళ్ళు వచ్చారు గానీ లోపలికి రాలేదు. కొత్త రోడ్డుకు అవతలే గుంపుగా నిలబడ్డారు. చావుకు రాకపోతే బాగుండదు, వస్తే మనసొప్పదు. మునెమ్మ ముందు వరసలోనే ఉంది.

బస్సులన్న పెద్ద దండ తెచ్చాడు. వేసి, నాలుగు మాటలు చెప్పాలని అటూ ఇటూ చూసి గొంతు సవరించుకున్నాడు. "ఈ కాలంలో మాట మీద నిలబడే మనిషిని ఒక్కర్ని సూపించండప్పా. పాలక్క మాటిచ్చిందంటే ఇచ్చినట్టే. ప్రమాణం చేసినాక ఒక్కనాడు తప్పలేదు. బోర్డులో మనం చెప్పినట్టే చెయ్యెత్తింది." రోడ్డు అవతల ఎవరో థూ అని ఉమ్మేశారు. కొడుకు తల వంచుకున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"తప్పిందప్పా" అన్నాను. నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. "ఆ పొద్దు కుప్పంలో ఆమె చెయ్యెత్తలేదు. నేను ఎనక కూసోని సూస్తాండా. రెండు చేతులూ కింద పెట్టుకోని వాటి మింద కూసునింది. నువ్వు ఎత్తమన్నా ఎత్తలేదు. ఆ ఆఫీసరే లెక్కపెట్టకుండా అందరూ ఎత్తినారని రాసేసినాడు."

బస్సులన్న మొహం చూడాలి. "ఇప్పుడెందుకమ్మా అయ్యన్నీ" అని గొణిగి, కారు వైపు నడిచాడు. ఎవరూ ఆయనకు దారి ఇచ్చినట్టు కూడా కనిపించలేదు.

మునెమ్మ రోడ్డు దాటి వచ్చింది. ఆమె వెనక మిగతావాళ్ళు. శవం కాళ్ళ మీద పడి, "యాల చెప్పలేదు తల్లీ, నోటికొచ్చినట్టల్లా తిడితి గదా నిన్ను" అని ఏడ్చింది. కాలనీ మగవాళ్ళు పాడెకు నాలుగు పక్కలా వచ్చి నిలబడ్డారు. మూలన బెదిరిపోయి చూస్తున్న పాపను మునెమ్మే ఎత్తుకుని, తల నిమురుతూ ముద్దుపెట్టుకుంది. చెప్పి మంచిపని చేశాననుకున్నాను.

అప్పుడు కొడుకు నా దగ్గరికి వచ్చాడు. "క్యాంపులో కర్పూరమార్పి చేసింది, ఆ ప్రమాణమేనా సిన్నమ్మా?"

"అవునప్పా."

"బిడ్డల మింద చేసిందేనా?"

నేను పాప వైపు చూశాను. వాడు పోయి మునెమ్మ చంకలోంచి పాపను లాగేసుకున్నాడు. గోడ పక్కకు పోయి, పాపను ఒళ్ళో పెట్టుకుని, తడిపంచె చుట్టి, రెండు చేతులూ అడ్డం పెట్టి కూర్చున్నాడు. పెద్దవాళ్ళు లేవమన్నారు. లేవలేదు. పొద్దు వాలుతోంది, కుండ పట్టాల్సినవాడివి నువ్వే కదా అన్నారు. వాడు పాప నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తున్నాడు, వేడిగా ఉందేమోనని. పాడె దగ్గర నిలబడ్డవాళ్ళు అలాగే నిలబడి ఉన్నారు.

నేను పక్కన కూర్చుని చేతులు చాచాను. "పాపను నాకియ్యప్పా, నువ్వొచ్చేదాకా పట్టుకుంటా. అమ్మను సాగనంపల్ల కదా."

"నీ చేతికి ఇయ్యను సిన్నమ్మా" అన్నాడు.